కారానికి భయపడి ఉప్పును మరచిపోకండి



ఆసుపత్రి పత్రికలో నూడుల్స్ సూప్ గురించి వ్యాసమా అని కొందరు నవ్వుకోవచ్చు. అయితే ఈ రోజుల్లో ఆ ప్యాకెట్ అడుగుపెట్టని వంటగది తక్కువ. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లలకు, రాత్రి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరిన తల్లికి, హాస్టల్లో చదువుకునే యవ్వనస్తులకు, జలుబు చేసి నోరు చప్పబడిన పెద్దలకు అది సులువైన ఆసరా. ఒక గిన్నె నీళ్లు మరగబెడితే చాలు, పది నిమిషాల లోపు వేడివేడిగా, కారంగా తిండి సిద్ధం. ఒకప్పుడు పసుపు రంగు మసాలా రకమే తెలిసిన మనకు ఇప్పుడు కొరియా పేరుతో ఎర్రటి సూపు రకాలు కూడా అలవాటవుతున్నాయి.

వీటి గురించి మనం వినే మాటలు రెండే. ఒకటి, "అది విషం, ముట్టుకోవద్దు." రెండు, "అందరూ తింటున్నారుగా, ఏమీ కాదు." ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. ఇంట్లో కూర్చుని ఒక గిన్నె కారపు నూడుల్స్ సూప్ ఇష్టంగా తాగడం తప్పు కాదని నా అభిప్రాయం. కానీ మనం జాగ్రత్త పడవలసిన చోట పడడం లేదు. అందరి భయమూ కారం మీదే. ఆ కారం వెనక దాగి ఉన్న ఉప్పు సంగతి ఎవరూ అడగడం లేదు.

ఆకలి రోజుల్లో పుట్టిన వంట

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జపాన్ దేశంలో తిండికి కటకట ఏర్పడింది. ఆ రోజులను కళ్లారా చూసిన మొమొఫుకు ఆండో అనే వ్యాపారి, త్వరగా వండుకోగలిగే, చాలాకాలం నిలవ ఉండే నూడుల్స్ చేయాలని పూనుకున్నారు. ఒసాకా దగ్గర ఇకెడా పట్టణంలో తన ఇంటి వెనక పాకలో ప్రయోగాలు చేసి 1958లో దారి కనుక్కున్నారు. ఉడికిన నూడుల్స్‌ను నూనెలో వేయిస్తే వాటిలోని నీరు ఆవిరైపోయి సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. మళ్లీ వేడి నీళ్లు పోస్తే ఆ రంధ్రాలు నీటిని పీల్చుకుని నూడుల్స్ మెత్తబడతాయి. 1971లో కప్పులో పెట్టి అమ్మే రకం వచ్చింది. దక్షిణ కొరియాలో 1963లో, మన దేశంలో 1983లో ఇవి బజారులోకి వచ్చాయి.

"విషం" అనే మాట మన దగ్గర బాగా పాకడానికి 2015 నాటి గొడవ ఒక కారణం. ఆ ఏడాది జూన్‌లో సీసం ఎక్కువగా ఉందంటూ మ్యాగీ నూడుల్స్‌ను ఆహార భద్రతా సంస్థ బజారు నుంచి తీయించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, మళ్లీ పరీక్షలు చేయించమంది. నవంబరులో అవి తిరిగి అమ్మకానికి వచ్చాయి. ఆ భయం మాత్రం చాలామంది మనసుల్లో మిగిలిపోయింది.

కాబట్టి ఇది విషం కాదు. అలాగని రోజువారీ భోజనం కూడా కాదు. ఇది మైదాతో చేసి, ఎక్కువగా నూనెలో వేయించి, ఉప్పూ మసాలా దట్టించి నిలవ ఉంచిన సరుకు. పీచు తక్కువ, మాంసకృత్తులు తక్కువ. కొరియాలో పెద్దవారి ఆహారపు అలవాట్లను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారానికి 2 సార్లు లేదా అంతకంటే ఎక్కువగా ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే స్త్రీలలో ఒక సంగతి తేలింది. నడుము చుట్టుకొలత, బీపీ, షుగరు, కొవ్వు కలిసి పెరిగే పరిస్థితి వారిలో ఎక్కువగా కనిపించింది. అందుకు నూడుల్సే కారణమని దానితో రుజువు కాదు గానీ, ఎప్పుడో ఒకసారి తినడానికీ తరచుగా తినడానికీ తేడా ఉందని మనం గ్రహించాలి.

కారం చేసేది, చేయనిది

మిరపకాయ మన దేశపు పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. ఇప్పుడు గుంటూరు పేరు చెబితే ముందు గుర్తొచ్చేది మిరపే. మిరపలోని ఘాటు పదార్థం పేరు క్యాప్సైసిన్. మన నాలుకలో, ఒంట్లో వేడిని పసిగట్టే నరాల చివర్లను అది తట్టి లేపుతుంది. అందుకే కారం తింటే నిజంగా కాలినట్టు అనిపించి చెమట పడుతుంది, ముక్కు కారుతుంది. 1997లో ఈ రహస్యం కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. జలుబు చేసినప్పుడు కారపు సూప్ తాగితే ముక్కు తెరుచుకున్నట్టు ఉండడానికి కారణం ఇదే. అది కాసేపటి హాయి మాత్రమే, జలుబుకు మందు కాదు. నోరు మండినప్పుడు నీళ్లు తాగితే మంట తగ్గదు. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. పాలు గానీ పెరుగు గానీ తీసుకోండి.

"కారం తింటే కడుపులో పుండ్లు పడతాయి" అనే మాట మన పెద్దల నోట తరచుగా వింటాం. ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో కడుపులో నివసించే ఒక బాక్టీరియాను గుర్తించారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఆ సూక్ష్మజీవి అల్సర్లకు ముఖ్య కారణమని తేలింది. ఇందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి దక్కింది. రెండో ముఖ్య కారణం, డాక్టరును అడగకుండా మింగే నొప్పి మాత్రలు. కారం పుండును పుట్టించదు. అయితే ఉన్న పుండును, ఛాతీలో మంటను, మొలల బాధను రేపగలదు. కాబట్టి ఆ బాధలు ఉన్నవారు తగ్గించుకోవడమే మేలు.

యవ్వనస్తులకు ఒక మాట. అతి కారపు నూడుల్స్‌ను పందెం కట్టి తినడం ఇప్పుడు సరదా అయింది. 2024 జూన్‌లో డెన్మార్క్ ప్రభుత్వం, కారం మోతాదు మరీ ఎక్కువగా ఉందని 3 కొరియా రకాలను బజారు నుంచి వెనక్కి తీయించింది. కళ్ల నీళ్లు పెట్టుకుని, వాంతి ఆపుకుంటూ తినేది ఆనందం ఎలా అవుతుంది?

అలాగే ఉపవాస ప్రార్థన ముగిశాక ఖాళీ కడుపున ముందుగా ఈ సూప్ తాగకండి. మజ్జిగ, జావ, అరటిపండు వంటివాటితో ఉపవాసం విడిచి, కాసేపు ఆగి భోజనం చేయండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఉపవాసానికి ముందే డాక్టరుగారితో మాట్లాడండి.

అసలు లెక్క ఉప్పుది

పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టి కొలిచిన ఒక టీ చెంచా. కూర, పప్పు, చారు, పచ్చడి, బిస్కెట్లు, మిక్చరు అన్నింటిలోనిదీ కలిపి ఇంతే. లేబుల్ మీద ఇది సోడియం పేరుతో ఉంటుంది. 5 గ్రాముల ఉప్పు అంటే 2000 మిల్లీగ్రాముల సోడియం.

ఇంటిల్లిపాదీ చేయగల తేలిక లెక్క ఒకటి చెబుతాను. ప్యాకెట్ మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి దాన్ని 400తో భాగించండి. వచ్చినదే ఉప్పు గ్రాములు. ఒక ప్యాకెట్‌లో 1800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే, అది నాలుగున్నర గ్రాముల ఉప్పు. పెద్ద సైజు కారపు సూపు రకాల్లో ఇంత ఉండడం అరుదేమీ కాదు. అంటే ఆ ఒక్క గిన్నెతో రోజంతటి వంతు దాదాపు అయిపోయినట్టే. లేబుల్ మీద లెక్క 100 గ్రాములకా, మొత్తం ప్యాకెట్‌కా అన్నది కూడా చూడండి. మోసపోయేది అక్కడే.

అంత ఉప్పు ఉన్నా నాలుకకు ఎందుకు తెలియదు? కారం, పులుపు, మసాలా కలిసి ఉప్పదనాన్ని కప్పేస్తాయి. "మా ఇంట్లో ఆవకాయ మానేశామండీ, అప్పడాలు కూడా మానేశాం" అని బీపీ రోగులు మనస్ఫూర్తిగా చెబుతారు. అది నిజమే. కానీ సాయంత్రం తాగే సూప్ వారి లెక్కలోకి రాదు. అది పచ్చడి కాదు కదా, పలచగా జావలా ఉంది కదా అనుకుంటారు. వార్డులో ఉన్న మనిషికి "తేలికగా అరుగుతుంది" అని క్యారియర్‌లో తెచ్చిపెట్టే బంధువులూ ఉంటారు. ప్రేమతోనే తెస్తారు. అయితే గుండె బలహీనమై, కాళ్లకు నీరు పట్టి, నీరు తీసే మాత్ర వేసుకుంటున్న మనిషికి ఆ గిన్నె ఎదురుపని చేస్తుంది. మాత్ర బయటికి పంపే నీటిని ఉప్పు ఒంట్లోనే నిలబెడుతుంది. బరువు పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, రాత్రిపూట వెల్లకిలా పడుకోలేరు.

ఇక్కడ మా ఆసుపత్రుల వారిని కూడా ఒక మాట అనాలి. "ఎందుకు తిన్నావు" అని గద్దిస్తే రోగి మరుసటిసారి తినడం మానడు, చెప్పడం మానేస్తాడు. అప్పుడు డాక్టరుగారు బీపీ ఎందుకు తగ్గలేదో తెలియక మాత్రలు పెంచుతారు. దాచిన గిన్నె కంటే చెప్పిన గిన్నె నయం. మీరు తిన్నది సిగ్గుపడకుండా చెప్పండి, మేము కోపగించకుండా వినాలి.

ఇంట్లో ఇలా చేసుకోండి

మొదట నూడుల్స్‌ను విడిగా ఉడికించి, గంజి వార్చినట్టు ఆ నీళ్లు వార్చేయండి. నూడుల్స్‌లోని ఉప్పు, నూనె కొంత వాటితో పోతాయి. మరో గిన్నెలో నీళ్లు మరగబెట్టి, మసాలా పొట్లంలో సగమే వేయండి. మిగతా రుచికి అల్లం, వెల్లుల్లి, మిరియాల పొడి, పచ్చిమిర్చి ఉన్నాయి. కొత్తిమీర చల్లి, దించాక నిమ్మరసం పిండండి. వీటిలో ఉప్పు దాదాపు లేదు, ఘాటుకు మాత్రం కొదవ ఉండదు.

తోటకూర, మునగాకు, క్యారెట్, బీన్స్, క్యాబేజీ, ఏవి ఇంట్లో ఉంటే అవి గుప్పెడు వేయండి. ఒక కోడిగుడ్డు కొట్టి పోయండి, లేదా ఉడికించిన పెసలు, శనగలు కలపండి. ఒక ప్యాకెట్ ఇద్దరికి సరిపోతుంది. చివర గిన్నె ఎత్తి అడుగు దాకా తాగకండి. ఉప్పులో చాలా భాగం సూపులోనే ఉంటుంది. సూపు లేకుండా ఇగిరేదాకా వండే రకంలో మసాలా అంతా నూడుల్స్‌కే పట్టుకుంటుంది. కనుక అందులో సగం పొట్లం నియమం మరీ ముఖ్యం. అన్నం తిన్నాక దీన్ని తినకండి, ఒక పూట తిండిగానే లెక్కపెట్టండి. వారానికి ఒకసారి మించకపోతే మంచిది.

బీపీ ఉన్నవారు ఎప్పుడైనా తినాలనిపిస్తే పావు పొట్లంతో సరిపెట్టుకుని, ఆ రోజు మిగతా కూరల్లో ఉప్పు తగ్గించండి. షుగరు ఉన్నవారు సగం నూడుల్స్, రెట్టింపు కూరగాయలు వేసుకోండి. గుండె బలహీనత ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు డాక్టరుగారినో డైటీషియన్‌నో అడగకుండా దీని జోలికి వెళ్లవద్దు. వారికి సూపు కూడా తాగే నీటి లెక్కలోకే వస్తుంది. సోడియం తక్కువ అని అమ్మే ప్రత్యేక ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ రోగులకు అది ప్రమాదం. ఆకుకూరలు కూడా వారు అడిగే వేసుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో మరో జాగ్రత్త

పొడవాటి కప్పులు సులువుగా ఒరిగిపోతాయి. వేడి సూప్ మీద పడితే చిక్కని నూడుల్స్ చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తాయి. పిల్లలకు వెడల్పాటి గిన్నెలో, గోరువెచ్చగా అయ్యాకే పెట్టండి. ఒళ్లో పసిబిడ్డను పెట్టుకుని వేడి సూప్ తాగకండి. ఒకవేళ ఒలికితే వెంటనే బట్టలు, గాజులు తీసి, కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు పారనివ్వండి. అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకండి. మంచుగడ్డ, టూత్‌పేస్ట్, సిరా, పసుపు పెట్టవద్దు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకురండి.

భోజనం దేవుడిచ్చిన ఈవి. మన ప్రభువు కూడా పదిమందితో కలిసి బల్ల దగ్గర కూర్చుని భోజనం చేశారు. వాన పడే సాయంత్రం పిల్లలు, అమ్మమ్మ, తాతయ్య కలిసి ఒక గిన్నె సూప్ పంచుకోవడం మంచి విషయమే. అందులో అమ్మమ్మ గిన్నెలోకి పావు పొట్లమే వెళ్లేలా చూసేది మాత్రం ఆ ఇంటివారే.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు మీ ఇంట్లో వాడే నూడుల్స్ ఖాళీ కవరు కూడా తీసుకురండి. 400తో భాగించే లెక్క అందరం కలిసి చేద్దాం.