ఉప్పునీటి తుంపరకు విశాఖలో ఒక పరీక్ష

ఆంధ్ర వైద్య కళాశాల ప్రిన్సిపాల్ గారికి,

2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విషవాయువు విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కూలిపోయారు. 12 మంది చనిపోయారు, వందల మంది కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనూ ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ చేరారు. ఆ ఏడాదే జూన్ నెలాఖరులో విశాఖ దగ్గరి పరవాడలో మరో లీకు, మరో ఇద్దరు బలి.

సరిగ్గా అప్పుడే బ్రిటన్ ఆసుపత్రుల్లో రికవరీ అనే పరీక్ష నడుస్తోంది. డెక్సామెథసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని జూన్ 16న ప్రకటించారు. అక్కడి డాక్టర్లు విశాఖ డాక్టర్లకన్నా ఘనులేం కారు. రోగి వార్డుకు వచ్చేసరికి ఎవరికి ఏమివ్వాలో, ఏం రాసుకోవాలో ముందే తేల్చిపెట్టుకున్నారు, అంతే.

ఈ లేఖ అడిగేదీ అలాంటి చవక మందు గురించే: నెబులైజర్‌తో తుంపరగా పీల్పించే గాఢ సెలైన్, అంటే మామూలు సెలైన్ కన్నా ఉప్పు ఎక్కువున్న నీరు.

విషవాయువు వల్లో, న్యుమోనియా వల్లో, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ వల్లో ఊపిరితిత్తుల గాలి అరల గోడలు దెబ్బతింటే నీరు లోపలికి ఊరుతుంది. ఊపిరితిత్తి తడిసిన స్పాంజిలా బరువెక్కుతుంది. ఏఆర్‌డీఎస్ అని పిలిచే ఈ స్థితిని 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు 12 మంది రోగుల్లో గుర్తించి రాశారు. దీన్ని నయం చేసే మందంటూ ఇప్పటికీ లేదు. 2000లో వచ్చిన పెద్ద మేలు కూడా మందుతో రాలేదు. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి పంపే గాలిని సగానికి తగ్గిస్తే మరణాలు 40 శాతం నుంచి 31కి దిగాయి.

ఉప్పునీటికి కొంత చరిత్ర ఉంది. కళ్లె చిక్కబడే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బున్న రోగుల్లో సముద్రపు అలల మీద ఆడేవాళ్లకు ఊపిరి బాగుంటోందని ఆస్ట్రేలియా వైద్యులు గమనించారు. 2006లో 164 మంది మీద 48 వారాల పరీక్ష చేసి చూస్తే, 7 శాతం సెలైన్ పీల్చినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. టీబీ అనుమానం ఉన్నా కళ్లె రానివాళ్లకు కళ్లె తెప్పించడానికి వాడేదీ గాఢ సెలైనే. అది నీటిని లాగి కళ్లెను పలచన చేస్తుంది.

కానీ ఏఆర్‌డీఎస్‌లో అరలు అప్పటికే నీటితో నిండి ఉంటాయి. ఇంకా నీరు లాగితే మేలా, కీడా? శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు, వెంటిలేటర్ ఫిల్టర్ మూసుకుపోవచ్చు. ఊహతో వార్డు నడపడం ప్రమాదం. ఉబ్బసానికి రోజూ వాడే సాల్బుటమాల్ ఊపిరితిత్తుల నీటిని తోడేస్తుందని ఆశపడి బ్రిటన్‌లో ఏఆర్‌డీఎస్ రోగులకు నరానికి ఎక్కించారు. 2012లో లెక్క తేలింది: మందు పడ్డవారిలో 34 శాతం మరణాలు, పడనివారిలో 23. ఆ మందునే అమెరికాలో నెబులైజర్‌తో 282 మందిపై పరీక్షించారు. ఉపయోగం కనబడలేదు. చిత్రమేమంటే, ఆ పరీక్షలో పోలికకు ఇచ్చిన ఉత్తుత్తి మందు మామూలు సెలైనే.

సెలైన్ మీద లాభం లేదు గనుక ఏ కంపెనీ ఈ ప్రశ్న అడగదు. 1923లో పుట్టి, పక్కనే కేజీహెచ్, నగరంలోనే ఛాతీ ఆసుపత్రి ఉన్న కళాశాల అడగాలి. మరో గ్యాస్ లీకు దాకా ఆగనక్కర్లేదు. న్యుమోనియాతో, సెప్సిస్‌తో ఏఆర్‌డీఎస్‌లోకి జారే రోగులు ఐసీయూలకు వస్తూనే ఉంటారు. ముందు కొద్దిమందిలో 3 శాతం సెలైన్ సురక్షితమో కాదో చూడాలి. తర్వాతే చీటీ తీసినట్టు రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకే ఈ సెలైన్ ఇచ్చి పోల్చాలి.

సమ్మతి విషయంలో తెలుగు నేలకు చేదు జ్ఞాపకం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. వెంటిలేటర్ మీదున్న మనిషి నోరు విప్పలేడు. బయట బెంచీ మీద కూర్చున్న భార్యకో కొడుకుకో తెలుగులో విడమరిచి చెప్పాలి, వద్దంటే మామూలు వైద్యం తగ్గదని కూడా చెప్పాలి.

కళాశాల ఎథిక్స్ కమిటీ ముందుకు ఈ ప్రతిపాదన వెళ్లాలి. మొదటి రోగికి ముందే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఉప్పునీరు పనిచేయలేదని తేలినా ఆ ఫలితాన్ని అచ్చులో పెట్టాలి.