బాగయింది సరే, ఎక్కడ బాగయింది?

మాట్టుతావణి బస్టాండులో దిగి కోయంబత్తూరు బస్సు కోసం వెతికేవారిని "ఆరప్పాళయం వెళ్ళండి" అని పంపడం మనకు మామూలే. బస్సు లేక కాదు, అది బయలుదేరే చోటు వేరు. కంప్యూటరులో వచ్చే తప్పులూ ఇంతే. కనిపించే చోటు ఒకటి, ఉన్న చోటు మరొకటి.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ప్రపంచ వార్తల్లోకెక్కింది. అందులో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే, ఐఫోనులో దాన్ని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయేది. మెసేజీలు, వాట్సాప్ అన్నిటిదీ అదే గతి. తప్పు మాత్రం వాటిది కాదు, అక్షరాలను పేర్చే ఉమ్మడి భాగానిది. సాంబారు, రసం, పులిహోర మూడూ చెడితే మూడు వంటలనూ తిట్టం, చింతపండు చూస్తాం కదా! ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3లో ఆ తప్పు లేదు. కాబట్టి ఆ మధ్యరోజుల్లో "బాగయింది" అన్నవారిదీ నిజమే, "నా ఫోను ఆగిపోయింది" అన్నవారిదీ నిజమే.

ఈ చిక్కును పద్ధతిగా విడదీసినవారు లినక్స్‌వారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో వేలకువేల ప్యాకేజీలున్నాయి. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు ఇస్తారు. 2021 నవంబరులో ఆ నంబరు పది లక్షలకు చేరింది. ఫిర్యాదు తప్పు ప్యాకేజీ మీద పడితే, అదే నంబరుతో అసలు ప్యాకేజీకి మారుస్తారు. దానివల్ల ఇంకే ప్రోగ్రాములు ఇబ్బంది పడుతున్నాయో పక్కన రాస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ వెర్షనులో కనబడింది, ఏ వెర్షనులో సరయింది అని విడివిడిగా నమోదు చేస్తారు. కొత్త వెర్షనులో సరయినంత మాత్రాన, పాత 'స్టేబుల్' వాడేవారి ఖాతా కొట్టివేయరు. ఉబుంటువారు ఒకే ఫిర్యాదు కింద ప్యాకేజీకొక వరుస పెట్టి, మరమ్మతు సిద్ధమవడం వేరు, అది జనానికి విడుదలవడం వేరు అని గుర్తిస్తారు.

ఇదంతా మనకెందుకు అంటారా? మదురైలో మన ఇళ్ళలో మాట తెలుగే అయినా, బడిలో తమిళం చదివి తెలుగు లిపి రానివారు చాలామంది. ఇప్పుడు అక్షరాలు దిద్దే పిల్లలు తెర మీదే దిద్దుతున్నారు. ఒత్తు ఊడిపోయి పక్కన పడితే, అక్షరమే అలా ఉంటుందనుకుంటారు. పెద్దలు ఒకసారి ఫిర్యాదు చేసి, "సరిచేశాం" అన్న జవాబు చూసి, తమ తెర మారకపోతే విసిగి ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకుంటారు. ఆ ఇంట్లో లిపి అక్కడితో ఆగిపోతుంది.

అందుకే నా మనవి. అక్షరం చెదిరితే ముందు ఫాంటు మార్చి చూడండి. సర్దుకుంటే తప్పు ఫాంటుదే కావచ్చు. ఏ ఫాంటుతోనూ సర్దుకోకపోతే లిబ్రెఆఫీసులోనూ, ఫైర్‌ఫాక్సులోనూ అదే మాట రాసి చూడండి. రెండింటిలోనూ ఒకేలా చెదిరితే, రెండూ వాడుకునే హార్ఫ్‌బజ్ అనే అక్షరాల పేర్పు భాగాన్ని అనుమానించాలి. చూసినదంతా వెర్షను నంబర్లతో సహా రాసి పంపండి. "బాగయింది" అని జవాబు వస్తే సంతోషించండి, కానీ "ఏ వెర్షనులోనండీ? అది నా కంప్యూటరుకు ఎప్పుడొస్తుంది?" అని అడగడం మానకండి.