కుంట మాట రాయ్‌పుర్ గదికి చేరుతోందా?

రాయ్‌పుర్: పోలీసు డైరెక్టర్ జనరల్‌లు, ఇన్‌స్పెక్టర్ జనరల్‌ల 60వ అఖిల భారత సదస్సు 2025 నవంబరు 28 నుంచి 30 వరకు నవ రాయ్‌పుర్‌లోని ఐఐఎం ప్రాంగణంలో జరిగింది. కొవిడ్ కాలంలో, 2020 డిసెంబరులో, ఇదే సదస్సును పూర్తిగా వీడియో కాన్ఫరెన్స్‌లో నిర్వహించారు. 2021లో లఖ్‌నవూలో కొందరు స్వయంగా హాజరుకాగా, మిగిలినవారు తమ కేంద్రాల నుంచే తెరమీద పాల్గొన్నారు. ఆ తర్వాత పైస్థాయి అధికారులు మళ్లీ ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టారు. మెరుగైన అనుసంధానాలు చేతిలో ఉన్నవారు కూడా ముఖ్యమైన మాట వచ్చేసరికి ఎదురెదురుగా కూర్చోవడానికే మొగ్గు చూపారన్నమాట. కింది స్థాయివారికి ఆ ఎంపిక లేదు. వారు రాజధానితో మాట్లాడాలంటే చాలాసార్లు తెరే దారి. అందుకే ఆ తెరను, దానికంటే ముఖ్యంగా దాని పక్కనుండే మైకును, ఎక్కడ ఎలా అమర్చారన్నది పాలనకు సంబంధించిన ప్రశ్న అవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు 16 జిల్లాలు ఉండేవి, ఇప్పుడు 33. సచివాలయం 2012లో పాత నగరం నుంచి నవ రాయ్‌పుర్‌లోని మహానది భవన్‌కు మారింది. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీదుగా ధమ్‌తరీ, కాంకేర్, జగదల్‌పుర్, సుక్మా దాటి దక్షిణాన చివరి పట్టణమైన కుంటకు చేరాలంటే 450 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. కుంట దాటితే మన చింతూరు, ఆపైన భద్రాచలం. ఒక గంట సమీక్ష కోసం అక్కడి అధికారి రాయ్‌పుర్ వచ్చి వెళితే రెండు రోజులు రోడ్డుమీదే గడిచిపోతాయి. కాబట్టి వీడియో కాన్ఫరెన్స్ కావాలా వద్దా అన్న చర్చకు ఇక్కడ తావు లేదు. అటువైపు గదిలో కూర్చున్నవారి మాట ఇటువైపు ఎంత స్పష్టంగా వినబడుతోందన్నదే చూడాలి.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు జిల్లా కలెక్టర్లతో తరచుగా జరిపిన వీడియో కాన్ఫరెన్స్‌లు దేశమంతా చర్చకు వచ్చాయి. కేంద్రంలో 2015 మార్చి 25న మొదలైన ‘ప్రగతి’ వేదిక ప్రధానినీ, కేంద్ర కార్యదర్శులనూ, రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులనూ ఒకే తెరమీదికి తెచ్చింది. ఈ రెండింటి రూపకల్పనలోనూ పైనున్నవారు అడగడం, కిందివారు జవాబివ్వడం ప్రధానం. సమీక్షకు అది సరిపోతుంది. కానీ వరదలో ఊరు చిక్కుకున్నప్పుడో, ఆశ్రమ పాఠశాలలో పిల్లలు జ్వరాల బారిన పడినప్పుడో, అడగని సంగతిని చెప్పవలసినవాడు కిందనే ఉంటాడు. అతడు నోరు తెరిచినప్పుడు వ్యవస్థ పనిచేయాలి.

సమావేశ మందిరాల కొనుగోళ్లలో సాధారణంగా మొదటి చూపు తెరమీద పడుతుంది. 85 అంగుళాలా, 98 అంగుళాలా? తర్వాత కెమెరా ఎన్ని రెట్లు దగ్గరకు చూపగలదు? మైకుల దగ్గరికి వచ్చేసరికి నిధులూ ఓపికా రెండూ తగ్గిపోతాయి. నిజానికి బొమ్మ కాసేపు ఆగినా సమావేశం సాగుతుంది, మాట ఆగితే ముగిసినట్లే. స్పష్టమైన హెచ్‌డీ చిత్రానికి సెకనుకు ఒకటి నుంచి రెండు మెగాబిట్ల సామర్థ్యం కావాలి. టెలిఫోన్ నాణ్యతతో మాట వినిపించడానికి పాత పద్ధతిలోనైనా 64 కిలోబిట్లు చాలు. అంటే అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కాపాడుకోగలిగిన దాన్నే మనం పాడుచేసుకుంటున్నాం.

ఇందులో గదిదే పెద్ద పాత్ర. నేలంతా పలకలు, గోడకు అద్దాలు, పైన నునుపైన సీలింగ్ ఉన్న గదిలో ప్రతి మాటా పలుమార్లు తగిలి తిరిగివస్తుంది. గదిలో ఉన్నవారి చెవి దాన్ని సర్దుకుంటుంది, మైకు సర్దుకోలేదు. మందమైన తెరలు, తివాచీ, గోడకు ధ్వనిని పీల్చే పలకలు ఖరీదైన కెమెరా కంటే ఎక్కువ మేలు చేస్తాయి. పొడవాటి బల్ల మధ్యలో ఒకే మైకు పెడితే చివరి కుర్చీలోని వ్యవసాయాధికారి మాటకంటే మైకు పైనున్న ఏసీ హోరే ముందు చేరుతుంది. ఇద్దరు ముగ్గురికి ఒక మైకు చొప్పున, మాట్లాడేవారికి చేతి దూరంలో ఉండాలి. కిటికీ వెలుగు వెనక నుంచి పడితే ముఖం నల్లగా కనిపిస్తుంది. అధికారి ముఖం కనిపించకపోతే ఆయన సందేహిస్తున్నాడో, సరేనంటున్నాడో తెలియదు.

ప్రతిధ్వని విషయంలో ఒక చిక్కు ఉంది. మాట్లాడేవారికి తమ గొంతే తిరిగి వినబడితే లోపం సాధారణంగా వారి గదిలో ఉండదు, ఎదుటి గదిలో ఉంటుంది. అక్కడి స్పీకరులోంచి వచ్చిన శబ్దం అక్కడి మైకులోకే దూరి వెనక్కి వస్తోందని అర్థం. ఈ సంగతి తెలియక ‘మీ మైకు బాగాలేదు, ఆపేయండి’ అని జిల్లాను మందలిస్తే, రాజధాని గదిలోని లోపానికి శిక్ష జిల్లాకు పడినట్లే. ఆపేసిన మైకు మళ్లీ తెరుచుకోవాలంటే పిలుపు రావాలి.

ఆలస్యం ఇంకా సున్నితమైన విషయం. మాట ఒకవైపు నుంచి మరోవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని, 400 మిల్లీసెకన్లు దాటే ఏర్పాటును సాధారణంగా అంగీకరించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జీ.114 సిఫారసు చెబుతోంది. ఫైబర్ ఉన్నచోట ఇది సమస్య కాదు. అడవి ప్రాంతాల్లో భూస్థిర ఉపగ్రహంపై ఆధారపడితే సంకేతం 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి మళ్లీ అంత దూరం కిందికి రావాలి. ఆ ప్రయాణానికే సుమారు 240 మిల్లీసెకన్లు. పరికరాల ఆలస్యం దానికి అదనం. ప్రశ్న వేసిన మంత్రికి అటువైపు తటపటాయింపు కనిపిస్తుంది, రెట్టిస్తారు. అప్పుడే జవాబు మొదలుపెట్టిన అధికారి ఆగిపోతాడు. పైగా బిగ్గరగా మాట్లాడినవారినే పెద్దగా చూపే అమరిక చాలా వ్యవస్థల్లో ఉంటుంది. మెల్లగా మాట్లాడేవారు తపాలా బిళ్ల పరిమాణంలోనే ఉండిపోతారు.

సమీక్షలో ఇది ఇబ్బందితో పోతుంది. న్యాయస్థానంలో మనిషి స్వేచ్ఛే పణంగా ఉంటుంది. సాక్షి స్వయంగా కోర్టుకు రాకున్నా వీడియో కాన్ఫరెన్స్ ద్వారా సాక్ష్యం నమోదు చేయవచ్చని మహారాష్ట్ర ప్రభుత్వం, ప్రఫుల్ బి. దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 530వ సెక్షన్ విచారణలను ఎలక్ట్రానిక్ విధానంలో జరపడానికి విస్తృతంగా వీలు కల్పించింది. పోలీసు కస్టడీకి పంపాలంటే నిందితుణ్ని స్వయంగా హాజరుపరచాలి. జ్యుడీషియల్ కస్టడీ పొడిగింపునకు మాత్రం తెరమీద హాజరు చాలని 187వ సెక్షన్ అంటోంది. దేశవ్యాప్తంగా 3,240 కోర్టు సముదాయాలకూ 1,272 జైళ్లకూ మధ్య ఈ సదుపాయం ఏర్పాటైనట్లు కేంద్ర ప్రభుత్వ లెక్క.

దేశంలో తొలి ఇ-లోక్ అదాలత్ 2020 జులై 11న జరిగింది కూడా ఛత్తీస్‌గఢ్‌లోనే. అయితే రాజీ కోరుకునే ఇరుపక్షాలు తెరమీద కలవడం వేరు, కస్టడీ పొడిగింపు కోసం జైలు గదిలో నిలబడినవాడు మేజిస్ట్రేటుతో తన గోడు చెప్పుకోవడం వేరు. బస్తర్ నిందితుల్లో గోండీ, హల్బీ మాట్లాడేవారున్నారు. కుంట వైపు దోర్లీ, తెలుగు వినిపిస్తాయి. విచారణ భాష హిందీ. దుబాసీ ఏ గదిలో కూర్చోవాలన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు. కోర్టు వైపు కూర్చుంటే గరగరలాడే స్పీకరులోంచి వచ్చిన సగం మాటనే అనువదిస్తాడు. నిందితుడి పక్కన కూర్చుంటే మాట పూర్తిగా వింటాడు, కానీ జైలు సిబ్బంది మధ్య ఉంటాడు. రెండోదే మేలని, అయితే ఆ గదిలో సిబ్బంది వినగలిగే దూరంలో ఉండరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సుప్రీంకోర్టు ఇ-కమిటీ రూపొందించిన నమూనా నిబంధనలు కెమెరా, మైకు, స్పీకర్లతోపాటు నిరంతర విద్యుత్తు, తగిన వెలుతురు, ఏకాంతం దక్కే కూర్చునే ఏర్పాటు, నిశ్శబ్దమైన భద్రమైన స్థలం ఉండాలంటున్నాయి. జాబితాలో చివరన ఉన్నందుకే కాబోలు, ఈ చివరి రెండూ టెండరు పత్రాలకు సులభంగా ఎక్కవు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న చర్చకు దొరికినంత శ్రద్ధ వీటికి దొరకలేదు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ ‘జూమ్’ ప్రభుత్వ పనికి తగదని హెచ్చరించింది. అదే ఏడాది ఆగస్టులో స్వదేశీ వేదిక కోసం కేంద్రం పెట్టిన పోటీలో కేరళకు చెందిన టెక్‌జెన్‌షియా సంస్థ ‘వీకన్సోల్’ గెలిచింది. భద్రత దృష్ట్యా ఆ చర్చ అవసరమే. కానీ ఏ వేదిక అయినా మైకులోకి చేరని మాటను సృష్టించలేదు.

ఖర్చు లేని మార్పు ఒకటి రాయ్‌పుర్ వెంటనే చేయవచ్చు. కొత్త గదిని అప్పగించుకునేటప్పుడు పరీక్ష ఆ గదిలో కాకుండా అటు చివర జరగాలి. కుంటలో ఒక ఉద్యోగి, ఏసీ నడుస్తుండగా, బల్ల చివరి కుర్చీలోంచి, తన మామూలు గొంతుతో పది గ్రామాల పేర్లు, పది అంకెలు చదవాలి. రాయ్‌పుర్‌లో తెర చూడకుండా ఒకరు రాసుకోవాలి. రెండు కాగితాలూ సరిపోలిన తర్వాతే గుత్తేదారు బిల్లుపై సంతకం పెట్టాలి. ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా వానాకాలం మొదలయ్యే ముందు, కరెంటు తీసేసి యూపీఎస్ మీద అదే పరీక్ష మళ్లీ జరపాలి. జైళ్లలోనైతే చదివేది గోండీలో కావాలి, రాసుకునేది దుబాసీ కావాలి.