నొక్కిన పువ్వు ఎవరి నోట్లోకి పోయింది?

పోస్టు కొంచెం పెద్దది, టీ పెట్టుకుని చదవండి. కోపం వస్తే కింద తిట్టండి, కానీ చివరిదాకా చదివాక తిట్టండి.

ఉగాది రోజు మన హాల్లో కోసిన కేక్ ఫోటోలు అందరూ చూశారు. తెల్లటి ఫాండెంట్ పొర మీద తామరపూలు, అంచు చుట్టూ ముగ్గు చుక్కలు. గ్రూపులో రెండు రోజులు చప్పట్లే. నేను ఆ రోజు ప్లేట్లు ఎత్తే పనిలో ఉన్నాను. ఎత్తిన ప్లేట్లలో సగానికి పైగా అంచున ఆ తామరపువ్వే పడి ఉంది. లోపలి కేక్ తిన్నారు, పైపొర ఒలిచి పక్కన పెట్టారు. మన సంస్కృతి అని చప్పట్లు కొట్టినది చెత్తసంచిలోకి పోయింది.

ఇది ఒక సంగతి. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ కేక్ చేసింది మన సభ్యుల ఇంటి అమ్మాయే. 2,400 రూపాయల బిల్లు ఇచ్చింది. కమిటీ 1,600 ఇచ్చి పంపింది. "మ్యాట్ పెట్టి నొక్కడమేగా, దానికి 800 ఏంటి?" అన్నారు మీటింగ్‌లో. ఎవరన్నారో రాయను. ఎందుకంటే ఆ వోచర్ మీద సంతకం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ పోస్టు నా మీద కూడా.

ముందు ఆ "నొక్కడమేగా" సంగతి చూద్దాం.

తర్వాత ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, పని చూపించమ్మా అని అడిగి కూర్చున్నాను. ఫాండెంట్ అంటే మెత్తగా పొడి చేసిన పంచదార, గ్లూకోజ్ సిరప్, గ్లిజరిన్, జెలటిన్ లేదా ఏదో ఒక గమ్, కొంచెం కొవ్వు కలిపిన ముద్ద. దాన్ని చపాతీ పిండిలా పిసకాలి. కార్న్‌ఫ్లోర్ చల్లి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన అంతటా సమంగా ఒత్తాలి. చల్లడం తక్కువైతే మ్యాట్‌కు అంటుకుంటుంది, ఎక్కువైతే పొర ఎండి పగులుతుంది. మ్యాట్ పెట్టి కర్ర ఒక్కసారే, ఒకే బలంతో నడపాలి. రెండోసారి నడిపితే పువ్వు పక్కన పువ్వు నీడ పడుతుంది. ఆలస్యం చేస్తే పైన పొర గట్టిపడి ముడతలు వస్తాయి. అచ్చు దిగిన పొరను ఎత్తి కేక్ మీద కప్పేటప్పుడు పక్కలకు సాగితే తామర కాస్తా తాటాకు అవుతుంది. అందుకే పక్కలకు వేరే పట్టీ చేసి చుట్టాలి. ఎనిమిది అంగుళాల కేక్ కప్పడానికి సుమారు 700 గ్రాముల ముద్ద కావాలి. ఇదంతా మన ఎండలో. ఉగాది నాటికే ఇక్కడ నలభై డిగ్రీల దగ్గర పడుతుంది. బయట పెడితే మెత్తబడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమట పట్టి జిగటవుతుంది. ఆ పిల్ల రాత్రి ఏసీ ఉన్న చుట్టాలింట్లో కూర్చుని చేసిందట.

నొక్కడం అంటే ఏమిటో నాకు తెలియాలి అసలు. ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషు రైల్వే ఉద్యోగి 1830లలో మొదలుపెట్టిన అట్ట టికెట్ మన రైల్వేలో నా సర్వీసులోనూ నడిచింది. ప్రతి టికెట్‌నూ తేదీ మెషీన్‌లో పెట్టి నొక్కి ఇచ్చేవాణ్ణి. వంకరగా నొక్కినా, రెండుసార్లు నొక్కినా దారిలో టీటీఈ ముందు నిలబడేది ప్రయాణికుడు. "నొక్కడమేగా" అని ఎవరైనా నా జీతం కోస్తే యూనియన్ ఆఫీసుకు పరుగెత్తేవాణ్ణి. ఆ అమ్మాయికి యూనియన్ లేదు. మనమే ఉన్నాం, మనమే కోశాం.

ఇప్పుడు కేక్ సంగతి. డబ్బు ఇవ్వాలి అంటున్నాను కదా అని ఫాండెంట్‌ను మెచ్చుకుంటున్నానని అనుకోకండి. పని చేసినవాళ్లకు కూలి ఇవ్వడం వేరు, ఆ పని చెప్పింది తెలివా అన్నది వేరు. చెప్పింది మనం.

అచ్చు మనకు కొత్త కాదు. నేను తమిళ బడిలో చదివినవాణ్ణి. మన గులాబీ పువ్వులను అక్కడ అచ్చు మురుకు అంటారు, పేరులోనే అచ్చు ఉంది. అచ్చు బెల్లం అక్కడా ఇక్కడా ఒకటే మాట. ఆంధ్ర పెళ్లిళ్లలో పంచదార చిలకలు, తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో చక్కెర పేర్లు, మరాఠీవాళ్ల గుడికి కట్టే గాఠీ, అన్నీ చెక్క అచ్చులో పాకం పోసి తీసేవే. 1956కు ముందు మన రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడ పేర్లూ తెలుసు, గాఠీ తెలుసు. బెంగాలీల సందేశ్, చైనావాళ్ల మూన్‌కేక్ కూడా చెక్క అచ్చులో నొక్కినవే. అందరి దగ్గరా పద్ధతి ఒకటే: తినేదాని మీదే అచ్చు వేస్తారు. పువ్వు నోట్లోకి పోతుంది. ఫాండెంట్ దగ్గరే అచ్చు ఒకచోట, రుచి ఇంకోచోట.

"చక్కెర పేర్లు మాత్రం ఎవరు తింటున్నారండీ, అదీ చక్కెరేగా" అంటారు. పిల్లలు నాలుగు బిళ్లలు కొరుకుతారు, మిగిలింది ఇంట్లో టీలో వేస్తారు. కేక్ క్రీం అంటిన ఫాండెంట్‌ను ఏ టీలో వేస్తారు?

"పిల్లలకు ఫోటో కావాలి, మీది చాదస్తం" అంటారు. ఫోటో వద్దనలేదు. ఫోటో కోసం 700 గ్రాముల పంచదార ముద్ద వద్దంటున్నాను. మన సంఘంలో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఎంతమందో హాల్లో చేతులెత్తమంటే తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది చిన్నది కాదు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. గమ్‌తో చేసిన శాకాహార ఫాండెంట్ దొరుకుతుంది, ఎగ్‌లెస్ అని రాసినంత మాత్రాన జెలటిన్ లేనట్టు కాదు. ఆ రోజు "గుడ్డు లేదుగా" అని అడిగి మరీ తిన్న పెద్దమ్మలు ఉన్నారు. జెలటిన్ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడు మనలో ఒక్కరూ అడగలేదు. ఆ అమ్మాయి అదృష్టవశాత్తు గమ్‌దే వాడింది. అది మన తెలివి కాదు, ఆ పిల్ల బాధ్యత. దానికి మనమిచ్చిన బహుమతి 800 కోత.

కాబట్టి నేను అడిగేవి మూడు.

ఒకటి, బాకీ 800 ఈ నెల మీటింగ్‌కు ముందే ఇవ్వాలి. "పోనీ పాపం" అని కాదు, తప్పు మనదని చెప్పి ఇవ్వాలి. కమిటీకి కుదరకపోతే సంతకాలు పెట్టినవాళ్లం వేసుకుందాం, నా వాటా ఇప్పుడే సిద్ధం.

రెండు, వచ్చే ఉగాదికి ఫాండెంట్ కేక్ వద్దు. కోవా బిళ్లలు అచ్చు వేయించి పంచుదాం. కేకే కావాలంటే పైన మాత్రం కాజూ కట్లీ ముద్దను పల్చగా ఒత్తి అదే మ్యాట్‌తో నొక్కించుకుందాం. నేను కూర్చున్న రోజు ఆ అమ్మాయి చిన్న ముక్క చేసి చూపించింది. అచ్చు బాగా దిగింది. ఖరీదు ఎక్కువే, కానీ పైన ఒక్క పొరే, అదీ ఎవరూ పక్కన పెట్టరు. నేనైతే ప్లేటు నాకేశాను.

మూడు, ఇంట్లో పనిచేసి అమ్మే మన ఆడపిల్లల దగ్గర ధర ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవాలి. నాగపూర్ బేకరీలో బిల్లు మీద పైసా తగ్గించమని అడగం. మనవాళ్ల దగ్గరే మనకు బేరం గుర్తొస్తుంది.

ఒప్పుకోనివాళ్లు మీటింగ్‌కు వచ్చి ఎదురుగా చెప్పండి. వచ్చేటప్పుడు ఇంట్లో పాత చెక్క అచ్చులు ఉంటే తీసుకురండి, అటక మీద ఎందుకు?