పల్లె వైద్యంలో పెత్తనం పల్లెదే కావాలి

అమెరికాలో పల్లె కౌంటీల జనం పట్టణవాసుల కన్నా గుండెజబ్బుతో, క్యాన్సర్‌తో, పక్షవాతంతో ఎక్కువగా అకాలమరణం పాలవుతున్నారు. 2010 తర్వాత అక్కడ వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడ్డాయి. కొరత ఉన్నచోట మూడేళ్లు పనిచేసే విదేశీ వైద్యులకు 1994 నుంచి వీసా నిబంధన సడలిస్తున్నారు; ఆ దారిలో పల్లెలకు చేరిన తెలుగు డాక్టర్లూ ఉన్నారు. వారి సేవ విలువైనదే. కానీ డాక్టరును పంపినంత మాత్రాన ఈ అంతరం తగ్గదు. దేనికి ముందు ఖర్చు పెట్టాలో తేల్చే అధికారం ఆ ఊరివాళ్ల చేతికి రావాలి.

మిసిసిపీ రాష్ట్రంలోని బొలివర్ కౌంటీ చరిత్ర చూడండి. 1960లలో పత్తి తీసే యంత్రాలు, కలుపు మందులు వచ్చి అక్కడి నల్లజాతి కౌలు కుటుంబాల నోటికాడ కూడు తీసేశాయి. 1967లో జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే వైద్యులు ఫెడరల్ నిధులతో మౌండ్ బాయూలో ఆరోగ్య కేంద్రం తెరిచారు. ఆ కేంద్రం తరఫున జాన్ హ్యాచ్ ఊరూరా ఆరోగ్య సంఘాలు కట్టించారు. మీకేం కావాలని అడిగితే జనం తిండి, పని, ఇల్లు అన్నారు. ఆరోగ్య కేంద్రం ఆ మాట విన్నది. పోషకాహారం లేక చిక్కిన పిల్లలకు డాక్టర్లు చీటీ మీద తిండి సరుకులు రాసిచ్చారు. దుకాణాలు సరుకిచ్చి బిల్లు కేంద్రానికి పంపాయి. మందుల పద్దులో తిండి ఏమిటని పైనుంచి ప్రశ్న వస్తే, పోషకాహార లోపానికి చికిత్స తిండేనని గైగర్ బదులిచ్చారు. బావులు తవ్వారు, మరుగుదొడ్లు కట్టారు. స్థానికులు సహకార సంఘం పెట్టుకుని వందల ఎకరాల్లో కూరగాయలు పండించారు. రాజధానిలో కూర్చుని రాసే వైద్య పథకంలో కూరగాయల సాగుకు చోటెక్కడ?

అది ఉద్యమకాలపు ఊపు, ఎన్నాళ్లుంటుందని కొందరు అనవచ్చు. మెయిన్ రాష్ట్రంలో ఆదాయం తక్కువైన ఫ్రాంక్లిన్ కౌంటీ నలభై ఏళ్లు నిలిపి చూపింది. 1970లలో వైద్యులు, ఆసుపత్రి, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి చర్చిల్లో, పనిచోట్ల, ఊరి సభామందిరాల్లో రక్తపోటు పరీక్షలు మొదలుపెట్టారు. నర్సులు రోగిని వదలకుండా పలకరించేవారు. 1975-78 మధ్య బీపీ అదుపులో ఉన్నవారు 18.3 నుంచి 43 శాతానికి పెరిగారు. ఆదాయాన్ని బట్టి వేసిన అంచనా కన్నా అక్కడ మరణాలు తక్కువని 2015లో వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఒక్క కౌంటీ అనుభవంతో అంతా రుజువైనట్టు కాదు, నిజమే. అయితే బీపీ మాత్ర రాయడం కన్నా దాన్ని మానకుండా వేసుకునేలా చూడటమే కష్టం. ఆ పని ఇరుగుపొరుగు చేసినంతగా దూరపు ఆసుపత్రి చేయలేదు.

వైద్యం తెలియనివాళ్లకు పెత్తనమా అన్న ప్రశ్నకు చట్టంలోనే జవాబుంది. మౌండ్ బాయూ తరహాలో ఫెడరల్ గ్రాంటుతో నడిచే ఆరోగ్య కేంద్రాల పాలకమండలిలో కనీసం 51 శాతం అక్కడ వైద్యం పొందేవారే ఉండాలని 1970ల నుంచి నియమం. ఏ మందు ఇవ్వాలో డాక్టరే తేలుస్తారు. ఏ సేవ ముందు, కేంద్రం ఏ వేళల్లో తెరవాలి, డైరెక్టరు ఎవరు అన్నవి మండలి తేలుస్తుంది. ఇలాంటి కేంద్రాలు సుమారు 1,400 ఉన్నాయి, ఏటా 3 కోట్ల మందికి పైగా రోగులను చూస్తున్నాయి. ఇక, సమాజం పేరు చెప్పి ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందన్న భయం ఇంకా బరువైనది, న్యాయమైనది కూడా. మౌండ్ బాయూ నడిచింది ప్రభుత్వ ధనంతోనే. డబ్బివ్వకుండా భాగస్వామ్యం అంటే అది పేదల నెత్తిన వెట్టి.

2025లో చేసిన చట్టం పేదల బీమా అయిన మెడికెయిడ్‌కు కోత పెట్టి, పల్లె వైద్యానికి ఐదేళ్లలో 5,000 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు కేటాయించింది. ఆ కోత తెచ్చే నష్టాన్ని ఈ సొమ్ము పూడ్చలేదు. కనీసం దాన్ని పంచేచోటైనా, అందుకునే ప్రతి సంస్థ మండలిలో 51 శాతం స్థానిక రోగులు ఉండాలన్న షరతును రాష్ట్రాలు ఇప్పుడే పెట్టాలి, ఒప్పందాలు కుదిరాక కాదు.