ఇంటి బీరు నేరమైన చోట మంచి బీరు ఎవరు నేర్చుకోవాలి?

పుదుచ్చేరి నుంచి విల్లియనూరు వైపు వెళ్లే దారిలో ఉన్న రెడ్డియార్‌పాళయంలో ఏ ఇంట్లోనైనా రాత్రి ఇడ్లీ పిండి పులియబెట్టుకోవచ్చు. అదే ఇంట్లో బార్లీ మాల్ట్ ఉడికించిన నీళ్లలో ఈస్ట్ కలిపి రెండు వారాలు ఉంచితే అది ఎక్సైజ్ నేరం. పుదుచ్చేరి ఎక్సైజ్ చట్టం, 1970 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయకూడదు. పుదుచ్చేరి పాలనలో ఉన్న తెలుగు గడ్డ యానాంకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. అమ్మడానికి చేశారా, తాగడానికి చేశారా అన్న తేడా ఈ చట్టాలకు పెద్దగా లేదు.

తాగుబోతులకు ఇంకో దారి తెరవమనే వాదనగా దీన్ని చూడనక్కర్లేదు. మద్యం దుకాణాలకు లోటు లేని ఊళ్లో ఇంటి బీరు ఆపినంత మాత్రాన తాగుడు తగ్గదు. నిజంగా ఆగిపోతున్నది ఆ విద్య నేర్చుకునే అవకాశం.

నాలుక చేసే పని

పేల్ ఏల్ చూడడానికి తేలికైన బీరు. 20 లీటర్లకు నాలుగైదు కిలోల మాల్ట్ కావాలి. దాన్ని 66 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెట్టి, వడకట్టిన ద్రవాన్ని మరో గంట మరిగిస్తారు. మరుగు మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి. చల్లార్చి ఈస్ట్ కలిపి 18 నుంచి 20 డిగ్రీల మధ్య పులియబెట్టాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. పుదుచ్చేరిలో ఏడాదిలో ఎక్కువ రోజులు పగటి వేడి 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఈస్ట్ తొందరపడి పనిచేసి, బీరుకు ఘాటైన స్పిరిట్ వాసన అంటిస్తుంది. పాత ఫ్రిజ్‌కు థర్మోస్టాట్ బిగించుకోవడం ఇలాంటి వాతావరణంలో తప్పనిసరి.

ఈ తప్పులను తయారుచేసినవారు తమంతట తాము పట్టుకోవడం కష్టం. తాను చేసిన వంట తనకు బాగానే ఉంటుంది. అందుకే హోమ్‌బ్రూయింగ్ చట్టబద్ధమైన దేశాల్లో రుచి చూసి చెప్పే పద్ధతి ఒక శాస్త్రంగా ఎదిగింది. 1985లో అమెరికాలో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ 50 మార్కుల పత్రం వాడుతుంది. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో అనుభూతికి 5, మొత్తం అభిప్రాయానికి 10. ‘బాగుంది’ అన్న మాటకు అక్కడ విలువ లేదు. ఏది, ఎందుకు అన్నది రాయాలి.

ఆ మాటల వెనక కారణాలుంటాయి. వెన్న వాసన వస్తే చాలాసార్లు ఈస్ట్‌కు పని ముగించే సమయం ఇవ్వలేదని అర్థం. పచ్చి ఆపిల్ వాసన వస్తే బీరు ఇంకా పక్వానికి రాలేదు. తడిసిన అట్టపెట్టె వాసనకు మూలం సీసాలోకి నింపేటప్పుడు తగిలిన గాలి. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మరిగించిన తీరును అనుమానించాలి. ఇలా ఒక్కో వ్యాఖ్య తర్వాతి బ్యాచ్‌లో ఏం మార్చాలో చెబుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నియమం. హాప్స్, ఈస్ట్, ఉష్ణోగ్రత మూడూ కలిపి మారిస్తే బీరు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

మార్పు నిజంగా తెలుస్తోందా అని చూసేందుకు ట్రయాంగిల్ పరీక్ష ఉంది. మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరే బీరు పోసి, తేడాగా ఉన్నది ఏదో చెప్పమంటారు. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరైన జవాబు వస్తుంది. కాబట్టి పదిమందిలో ముగ్గురు నలుగురు చెబితే అది రుజువు కాదు. ఏడెనిమిది మంది చెప్పగలిగితే మార్పు ఉన్నట్టు నమ్మవచ్చు.

వంటింటి నుంచి పరిశ్రమ వరకు

అమెరికాలో ఇంటి బీరుపై ఫెడరల్ అడ్డంకి తొలగించే బిల్లుపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశారు. పెద్దవారు ఒకరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా అనుమతించాయి. చివరి రెండు, మిసిసిపీ, అలబామా, 2013లో దారికొచ్చాయి. నేడు డాలస్‌లోని తెలుగు ఇంజనీరు గ్యారేజీలో చట్టబద్ధంగా చేయగలిగింది, అతని సోదరుడు హైదరాబాద్‌లో చేస్తే కేసవుతుంది.

ఆ సడలింపు ఫలితం తెలిసిందే. కాలిఫోర్నియాలోని చికోలో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెర్రా నెవాడా సంస్థకు సహ వ్యవస్థాపకుడయ్యారు. అనుకున్న రుచి నిలకడగా వచ్చేవరకు పేల్ ఏల్ బ్యాచ్‌లు పారబోసి మళ్లీ చేశారు. అమెరికా క్రాఫ్ట్ బీరుకు అది ఆదర్శమైంది.

మన దగ్గర దారి తిరగబడింది. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు తెచ్చింది. పుదుచ్చేరిలో కాటమారన్ బ్రూయింగ్ కంపెనీ వంటివి వచ్చాయి. కానీ ఈ వ్యాపారంలోకి రావాలంటే ముందు స్థలం, స్టీల్ ట్యాంకులు, లైసెన్సు ఫీజు కావాలి. పారబోసే తొలి బ్యాచ్‌ల ఖర్చు 20 లీటర్లది కాదు, వందల లీటర్లది. పెట్టుబడి ఉన్నవారికే తప్పులు చేసే హక్కు దక్కింది.

భయం ఎక్కడ ఉంది?

ఎదుటి వాదన బలమైనదే. మద్యపానాన్ని అరికట్టాలని రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల మొదట్లో సారాపై చేసిన పోరాటం ఉత్తి నినాదం కాదు, ఇళ్లు కూలిన బాధ. పుదుచ్చేరికి దగ్గర్లోని కల్లకురిచ్చిలో 2024 జూన్‌లో కల్తీ సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇవి మరచి ఎవరూ మాట్లాడకూడదు.

అయితే అక్కడ చంపింది మిథనాల్. హైదరాబాద్ కూకట్‌పల్లిలో 2025 జూలైలో పలువురు మరణించింది కల్తీ కల్లు వల్ల. ధాన్యం పులిస్తే ప్రమాదకర స్థాయిలో మిథనాల్ పుట్టదు. బట్టీ పెట్టి సారా కాచడం, అందులో రసాయనాలు కలపడం, అజ్ఞాతంగా అమ్మడం వేరే నేరాలు. వాటిని వాటి పేరుతోనే శిక్షించాలి. ఇంటి బీరు కూడా మద్యమే, అతిగా తాగితే కాలేయం తేడా చూడదు. కానీ దుకాణంలో కొన్న సీసాకూ అదే మాట వర్తిస్తుంది.

చిన్న తయారీదారుకు అనుమతి ఇవ్వడం మన చట్టాలకు కొత్త కాదు. గీత కార్మికులు చెట్టుకు లైసెన్సుతో కల్లు తీస్తున్నారు. అదే పద్ధతిలో ఇంటి బీరుకు నామమాత్రపు రుసుముతో నమోదు, ఏడాదికి లీటర్ల పరిమితి, వయసు నిబంధన, అమ్మకంపైనా బట్టీపైనా పూర్తి నిషేధం పెట్టవచ్చు. మద్యంపై అధికారం రాష్ట్రాలదే కనుక పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. పుదుచ్చేరి వంటి చిన్న ప్రాంతంలో రెండేళ్లు ప్రయోగించి చూడవచ్చు. పరిమితి దాటిందా, అమ్మకం జరిగిందా, ఎవరికైనా హాని కలిగిందా అన్నవి లెక్కపెట్టి, ఫలితం బాగాలేకపోతే ఆపేయవచ్చు. మంచి పేల్ ఏల్ తయారయ్యేది అలాగే, మంచి విధానం కూడా అంతే.