టోమ్ బ్రోక్ వంశము నేర్పు పాఠము

రాజుల పేర్లును యుద్ధముల సంవత్సరములును వల్లించినచోఁ జరిత్ర వచ్చినట్లేయని మన బాలురలోఁ బలువురు తలంతురు. మేమట్లు తలంపము. ఎవఁడు గెలిచెనని యడుగుటతోఁ దృప్తిపడక, ఎవరి సొత్తును గెలిచెనని కూడ నడుగవలయును. ఇందులకు జర్మనీ దేశపు వాయవ్య తీరమందలి తూర్పు ఫ్రీసియాను నిదర్శనముగాఁ జూపెదము.

మధ్యయుగమున ఐరోపా ప్రజలలోఁ బెక్కండ్రు ప్రభువులకు లోఁబడి యుండఁగా, ఫ్రీసియనులు తమపైఁ బ్రభువు లేఁడని చెప్పుకొనిరి. సముద్రము నేలను ముంపకుండఁ దామే కట్టలు కట్టుకొనిరి. న్యాయాధికారులను దామే యెన్నుకొనిరి. వారి ప్రతినిధులు ఔరిఖ్ సమీపమందలి ఉప్‌స్టాల్స్‌బూమ్ అను మిట్టయొద్దఁ గూడుచుండిరి. 14వ శతాబ్దమున నీ యేర్పాటు సడలెను. కోటలును భటులును గల కుటుంబములు తలయెత్తెను. వానిలో టోమ్ బ్రోక్ వంశము మేటి. ఆ వంశజుఁడగు మొదటి ఓకో 1381లోఁ దన భూములను హాలండు నేలుచుండిన ఆల్బర్టునకు సమర్పించి, సామంతుఁడై మరలఁ గైకొనెను. ఇరుగుపొరుగువారిపైఁ బెద్దఱికమునకై తానొకనికి దాసుఁడయ్యెనన్నమాట! తరువాతి నాయకుఁడు విడ్జెల్ ఓడదొంగలకు నాశ్రయమిచ్చెను.

రెండవ ఓకో కాలమున, మునుపు వారి పక్షమునఁ బోరాడిన ఫోకో ఉకేనాయే శత్రువయ్యెను. 1426లో డెటెర్న్ యొద్ద ఓకో మిత్రసేన యోడెను. 1427 అక్టోబరు 28న ఓకో చెఱఁబడెను; కొన్నియేండ్లకు విడుదలయైనను, అధికారము తిరిగి రాక 1435లో మృతినొందెను. వంశపు టేలుబడి యతనితో ముగిసెను.

ఉకేనాయైనను నిలిచెనా? 1430లోఁ బలువురు స్వాతంత్ర్యము పేరఁ గూటమిగాఁ జేరి తుదకతనిని వెడలఁగొట్టిరి. ఆ కూటమికి ముందు నడచినది సిర్క్‌సేనా వంశము. ఆ వంశజుఁడగు ఉల్రిఖ్ 1464లోఁ జక్రవర్తిచేఁ గౌంటు బిరుదమునొందెను. వారి ప్రభుత్వము 1744 వఱకు సాగెను. స్వాతంత్ర్యమును గాచెదమన్నవారే ప్రభువులైరి!

బలవంతుఁడొకఁడు లేనిదే శాంతి యుండదని కొందఱందురు. నాయకుల కలహములకంటె నొక్క ప్రభువే మేలని నాఁటివారికిఁ దోఁచియుండవచ్చును. దానిని మేము కాదనము. కాని జనులు కలిసి చేసికొనవలసిన పనిని నాయకునకు విడిచిన నాఁడే యధికారమును గూడ విడిచినవారగుదురు. ఈ తప్పు కోటలలోనే జరుగదు. విద్యార్థులారా, తరగతి నాయకునెన్నుకొని, తరువాత నతఁడేమి చేయుచున్నాఁడో యడుగుట మానినచో, మీరును ఆ మిట్టయొద్దకుఁ బోవుట మానినవారే. కట్ట నందఱును గాచినఁగదా పొలము నిలుచును!